పచ్చి చెక్క మూత

మేస్త్రికి ఆ దర్జీ ఆవిడంటే గిట్టదు. గిట్టదని ఆయన ఎవరితోనూ అనలేదు. అనక్కర్లేదు కూడా. శిక్షణ కేంద్రంలో ఆవిడతో పాటు నేర్చుకునే పది మందికీ తెలుసు. ఆవిడకీ తెలుసు.

ఆవిడ మేస్త్రి ఇంటి మేడమీద గదిలో అద్దెకుంటుంది. కిటికీ పక్కన కుట్టుమిషను, మంచం మీద ఎప్పుడూ ఎవరివో కుట్టాల్సిన బట్టలు. మేస్త్రి భార్య మంచాన పడిన ఎనిమిది నెలలూ పగటిపూట ఆమె దగ్గర కూర్చున్నది ఈవిడే. మేస్త్రి పొద్దున్నే పనికి పోయేవాడు. సాయంత్రం వచ్చేసరికి ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు. ఆయన గుమ్మంలో చెప్పులు విడిచేసరికి మాటలు ఆగిపోయేవి. ఆయన భార్యని ఈవిడ "పిన్నీ" అనేది, ఆయన్ని "బాబాయిగారూ" అనేది. భార్య పోయింది. ఆరు నెలలు గడిచాక ఒకరోజు దర్జీ ఆవిడ శిక్షణ కేంద్రం గుమ్మంలో నిలబడి, "నేనూ నేర్చుకుంటానండీ" అంది. ఆ రోజు నుంచి ఆయన బాబాయిగారు కాస్తా మేస్త్రిగారయ్యాడు.

శిక్షణ కేంద్రం అంటే పెద్ద పేరే గానీ, పాత గోడౌను. రేకుల కప్పు, సిమెంటు నేల, వరసగా ఆరు తరిమెనలు. తరిమెన మీద బిగించిన చెక్క దిమ్మ గిర్రున తిరుగుతుంది, దాని ముందు మనిషి ఉలి ఆనించి నిలబడతాడు. అంతే పని. కుర్చీ కాళ్ళు, మెట్ల కటకటాలు, బొంగరాలు, భరిణెలు, గుండ్రంగా ఉండే చెక్క వస్తువు ఏదైనా అలా పుట్టాల్సిందే. నిలబడటం చేతకాకపోతే ఉలి చెక్కలో దిగబడుతుంది, దిమ్మ లేచివచ్చి మొహాన్ని పలకరిస్తుంది.

మేస్త్రి నేర్పే పద్ధతి కేకలు. "మోచెయ్యి! మోచెయ్యేదయ్యా? ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" అని అరుస్తాడు. ఆయన మామ ఆయనకి అలాగే నేర్పాడు. పని వచ్చింది. కాబట్టి ఆ పద్ధతిలో తప్పేదైనా ఉందని ఆయన అనుకోలేదు.

ఒకరోజు కళ్ళద్దాలాయన దిమ్మ ఎగిరింది. కళ్ళద్దాలాయన పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చుంటే భార్య ఏదో ఒక పని చెబుతోందని ఇక్కడికి వచ్చి చేరాడు. దిమ్మ ఆయన చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడకి తగిలింది. మేస్త్రి అరవడానికి నోరు తెరిచేలోపు దర్జీ ఆవిడ వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.

"అన్నయ్యగారూ, మీరు ఉలిని గొంతు పిసికినట్టు పట్టుకుంటున్నారు. గుడ్డ కత్తిరించేటప్పుడు కత్తెర బరువు బల్లే మోస్తుంది. మనం దారి చూపిస్తామంతే. ఇదీ అంతే. బరువు ఉలి ఆనించే ఈ ఊతకి వదిలెయ్యండి."

కొత్త దిమ్మ బిగించింది. ఆయన మోచేతి కింద రెండు వేళ్ళు ఆనించింది. ఉలి తగిలింది. సన్నటి పొట్టు రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటూ లేచి కళ్ళద్దాలాయన భుజమ్మీద పడింది. ఆయన ఆ పొట్టుని తీసి, పట్టుబట్ట చూసుకున్నట్టు చూసుకున్నాడు.

"మేస్త్రిగారు చెబితే భయం అర్థమవుతుందండీ. చెల్లెమ్మ చెబితే పని అర్థమవుతుంది," అన్నాడు.

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వినట్టు మూతి కదిపాడు. కానీ లోపల భగ్గుమంది. కత్తెర ముక్క, బల్ల ముక్క, ఈ చిన్న ముక్క నలభై ఏళ్ళలో తనకి ఒక్కసారి కూడా తట్టలేదు. ఆరు నెలల కింద ఉలికి ఏ వైపు పదునుంటుందో తెలియని మనిషికి తట్టింది. ఇక అక్కడి నుంచి ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఎవరు ఎవర్ని అడుగుతున్నారు, ఎవరు ఎవరివైపు తిరుగుతున్నారు. వారం తిరిగేసరికి ఎనిమిది మంది ఆవిడనే అడుగుతున్నారు. మిగిలిన ఇద్దరికీ చెవుడు లేదు గానీ ఎవర్నీ అడిగే అలవాటు లేదు.

నెలాఖరుకి కేంద్రం సెక్రటరీ వచ్చాడు. ముందు టీ తెప్పించాడు. సెక్రటరీ టీ తెప్పించాడంటే ఏదో ఉందని అర్థం.

"సాయంత్రం కూడా ఒక క్లాసు పెడదామండీ. ఇరవై మంది అడుగుతున్నారు. మీకు రెండు పూటలా కష్టం. ఆ కుట్టుపని ఆవిడ చక్కగా చెబుతోందటగా. ఆవిడకిద్దాం."

"ఆవిడ నేర్చుకోవడానికి వచ్చింది," అన్నాడు మేస్త్రి.

"అందుకేగా మిమ్మల్ని అడుగుతున్నది. మీ మామగారి కాలం నుంచీ ఏదో మూత పరీక్ష ఉందటగా? అది పెట్టండి. అయితే ఇద్దాం, లేకపోతే లేదు. మీ మాటే మాట."

మేస్త్రి టీ తాగేశాడు. చల్లారిన టీ. ఆ పూట ఇంటికి నడుస్తుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. తన మాటే మాట.

మూత పరీక్ష మామ పెట్టింది. మేస్త్రి ఏడో తరగతితో బడి మానేసి, కలప అడితిలో దుంగలు మోస్తూ మామ షెడ్డుకి వచ్చాడు. దుంగలు దింపి వెళ్ళిపోవాల్సినవాడు చూస్తూ నిలబడిపోయాడు. రోజూ నిలబడేవాడు. "నిలబడితే ఏమొస్తుందిరా, చీపురు తీసుకో," అన్నాడు మామ. చీపురుతో మొదలై రెండేళ్ళకి ఉలి దాకా వచ్చాడు. మామకి కొడుకుల్లేరు. ఒక్కతే కూతురు. ఆమె పాకే వయసు నుంచీ పొట్టులో ఆడుకున్న పిల్ల. పదేళ్ళకే బొంగరాలు తీసేది. ఏ దిమ్మ చేతికిచ్చినా ముందు చెంపకి ఆనించుకునేది. ఎండిన చెక్క చెంపకి వెచ్చగా ఉంటుంది, పచ్చిది చల్లగా ఉంటుంది. మామ ఆ పిల్లని మేస్త్రికిచ్చి పెళ్ళి చేశాడు. పెళ్ళయ్యాక కూడా ఆమె తరిమెన దగ్గరికి వచ్చేది. చూసినవాళ్ళు ఆమె పనినే మెచ్చుకునేవాళ్ళు.

షెడ్డులో ముందు తరిమెన అని ఒకటుండేది. వీధిలోకి కనబడేది. దాని ముందు నిలబడినవాడే మామ తర్వాత గురువు. దానికోసం పెట్టిన పరీక్ష ఇది. భరిణె కింది గిన్నె గురువు తీస్తాడు. మూత శిష్యుడు తీయాలి. సాయంత్రం మూత పెట్టి పైకి లాగితే గిన్నె దాన్ని వదలకుండా లేవాలి, వదిలేటప్పుడు ఠప్పుమనాలి. అది సగం పరీక్ష. తర్వాత రెంటినీ విడదీసి రాత్రంతా వదిలేస్తారు. పొద్దున మళ్ళీ మూత పట్టాలి. పట్టకపోతే, "చెక్క చూసుకోవడం కూడా పరీక్షే," అనేవాడు మామ. దిమ్మ మీద కోసిన తేదీ పెన్సిలుతో రాసి ఉంటుంది. ఆ తేదీ షెడ్డు మాట. దాన్ని ఎవరూ అనుమానించరు.

కూతురికీ అల్లుడికీ ఒకేరోజు పరీక్ష. బీరువా వెనక నుంచి దిమ్మలు తెచ్చే పని అల్లుడిది. తనకి రెండేళ్ళు ఎండినది తెచ్చుకున్నాడు. పచ్చి దిమ్మలు పగలకుండా చివర్లకి మైనం పూస్తారు. అలాంటి దిమ్మ ఒకటి తీసి, మైనం గీకేసి, పాత తేదీ వేసి భార్య చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చెంపకి ఆనించుకుందో లేదో ఆయన చూడలేదు. చూడకుండా బయటికి పోయి నీళ్ళు తాగాడు. మర్నాటికి చెక్క ఆరి, ఆమె మూత గుండ్రం పోయి కోలగా తిరిగింది. గిన్నె మీద కూర్చోలేదు. మామ ఆ మాటే అన్నాడు. ఆమె నోరెత్తలేదు. మళ్ళీ ఉలి ముట్టలేదు. ముందు తరిమెన అల్లుడిదయ్యింది. ఎవరికీ తెలియలేదు, అనుకున్నాడు.

ఆ భరిణెని ఆమె దాచుకుంది. మూత కూర్చోదు కాబట్టి దారం చుట్టి కట్టేది. ముప్పై నాలుగేళ్ళు అలమరలో మూలన ఉంది. ఆమె పోయాక ఆయన వెతికాడు. కనబడలేదు. ఎవరో చెత్తలో పారేసి ఉంటారని ఊరుకున్నాడు.

దర్జీ ఆవిడ పరీక్షకి ముందురోజు మేస్త్రి గోడౌను వెనక అరలో దిమ్మలు చూశాడు. ఎండినవి వరసగా ఉన్నాయి. కింద అరలో పదిరోజుల కింద కోసినవి, చివర్లకి మైనంతో. ఆయన వంగి కింద అరలోంచి ఒకటి తీశాడు. చాకుతో మైనం గీకాడు. గరుకు కాగితంతో రుద్దాడు. రెండేళ్ళ కిందటి తేదీ వేశాడు. వచ్చిన పనే కదా.

మర్నాడు అందరూ చుట్టూ నిలబడ్డారు. సెక్రటరీ కుర్చీ వేసుకున్నాడు. మేస్త్రి తీసిన కింది గిన్నె బల్లమీద ఉంది. దిమ్మ ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ తేదీ చూసింది. తర్వాత దిమ్మని ఎత్తి చెంపకి ఆనించుకుంది.

అది మేస్త్రి నేర్పలేదు. ఈ గోడౌనులో ఎవరికీ తెలియదు.

ఆవిడ కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఉంది. కళ్ళు తెరిచి సూటిగా ఆయన్ని చూసింది. "మొదలుపెట్టమంటారా మేస్త్రిగారూ?" అంది.

"పెట్టు."

"ఇంకేమీ చెప్పేది లేదుగా?"

"చేతులు చెప్పాలి, నేను కాదు," అన్నాడు.

ఆవిడ దిమ్మ బిగించింది. మంచి పని. అలాంటిలాంటిది కాదు. కొలత పట్టే కాలిపర్ తీసి పక్కన పెట్టి, వేళ్ళతోనే కొలుచుకుంది. సాయంత్రానికి మూత అయింది. గిన్నె మీద పెట్టి పైకి లాగింది. గిన్నె లేచింది. కళ్ళద్దాలాయన పది దాకా లెక్కపెట్టాడు. ఠప్పుమంది. చప్పట్లు కొట్టారు.

"పొద్దున చూద్దాం," అన్నాడు మేస్త్రి. గిన్నెనీ మూతనీ విడదీసి కిటికీ మీద పెట్టి తాళం వేశాడు.

పొద్దున మూత కోలగా తిరిగింది. ఒక వైపు ఎక్కితే రెండో వైపు లేచింది. సెక్రటరీ రెండుసార్లు ప్రయత్నించి కింద పెట్టాడు. కళ్ళద్దాలాయన, "నిన్న బాగానే ఉందే," అని గొణిగాడు.

మేస్త్రి ఆ మాట అనేశాడు. "చెక్క చూసుకోవడం కూడా పరీక్షే."

"అయ్యో," అన్నాడు సెక్రటరీ. "సరే, ఇంకో ఏడాది చూద్దామమ్మా."

దర్జీ ఆవిడ తల ఊపింది. ఏడవలేదు. బతిమాలలేదు. ఏప్రాను విప్పి మడతపెట్టి, మేస్త్రి పక్కనుంచి పోతూ ఆయనకి మాత్రమే వినపడేట్టు, "చూసుకునే కోశాను," అంది.

ఆ మాట రోజంతా ఆయన చెవిలో దోమలా తిరిగింది. తెలిసి ఎందుకు కోసింది? తెలిస్తే ఎందుకు అరవలేదు? అన్నిటికీ మించి, చెంపకి ఆనించడం ఎవరు చెప్పారు? ఎవరు చెప్పారో ఆయనకి తెలుసు. తెలిసినకొద్దీ మండింది. పొద్దు వాలకముందే మేడమెట్లు ఎక్కాడు. ఆవిడ అద్దెకి వచ్చి అయిదేళ్ళయినా ఎప్పుడూ ఎక్కలేదు.

తలుపు తీసే ఉంది. ఆవిడ మిషను మీద ఏదో చొక్కాకి కాలరు కుడుతోంది. మిషను పక్కన, సూదులపెట్టె మీద, ఆ భరిణె ఉంది. అదే దారం. అదే ముడి.

"అది నీ దగ్గరికెలా వచ్చింది?"

"పిన్ని ఇచ్చింది," అంది ఆవిడ మిషను ఆపకుండా. "కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. "చెక్క ఆనించుకోవడం కూడా ఆవిడే చెప్పిందా?"

"అన్నీ ఆవిడే చెప్పింది. మంచం మీద పడుకునే చెప్పింది. చెంచా పట్టుకుని ఉలి అనుకోమనేది. ఎనిమిది నెలలు. మీరు ఆరు నెలలు అనుకుంటున్నారు గానీ, నేను నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్ళు కావస్తోంది."

మేస్త్రి గోడకి చెయ్యి ఆనించాడు. ముప్పై నాలుగేళ్ళలో తన భార్య తనతో తరిమెన గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మర్చిపోయిందనుకున్నాడు.

"నిన్నటి దిమ్మ పచ్చిదని తెలుసు నీకు."

"తెలుసు. తన దిమ్మ సంగతి పిన్నికీ తెలుసు." ఆవిడ మిషను ఆపింది. "'ఆయన చేతిలో పెట్టగానే తెలిసిందే అమ్మాయ్, చల్లగా ఉంది, మైనం వాసన కూడా పోలేదు' అంది."

గదిలో ఫ్యాను టకటకమంటోంది. దాని రెక్క ఒకటి వంగి ఉందని మేస్త్రికి కనబడింది.

"మరి వాళ్ళ నాన్నతో చెప్పలేదేం?"

"నేనూ అదే అడిగాను. 'చెబితే నాన్న ఆ పూటే మెడపట్టి గెంటేవాడు. మళ్ళీ దుంగలు మోసుకోవాలి. ఆయనే చెబుతాడులే, ఇవాళ కాకపోతే రేపు, అని చూశాను. చూస్తూ ఉండగానే పిల్లల పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి' అని నవ్వింది."

"నవ్విందా?"

"నవ్వింది."

ఆ ఎనిమిది నెలల్లో భార్య తన ఎదుట నవ్విన గుర్తు ఆయనకి లేదు. దొంగతనం బయటపడినందుకు సిగ్గుపడాల్సింది. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కుళ్ళు. తనకి చెప్పాల్సిన మాట దీనికి చెప్పింది. నవ్వుతూ చెప్పింది.

"తెలిసీ నువ్వెందుకు కోశావ్?"

"పిన్ని ముప్పై నాలుగేళ్ళు చూసింది. నేను ఒక రాత్రి చూద్దామనుకున్నాను. పొద్దున తాళం తీసి మీరే చెబుతారేమోనని."

ఆయన భరిణె మీదికి చెయ్యి చాచాడు. ఆవిడ దాన్ని కాస్త వెనక్కి జరిపింది. విసురుగా కాదు, గుడ్డ సర్దుకున్నట్టు.

"'తనంతట తను చెబితే ఇది ఆయనకిచ్చెయ్. చెప్పకపోతే నీ బొత్తాలు పోసుకో' అంది పిన్ని."

ఆయన మెట్లు దిగి వచ్చేశాడు.

మూడు రోజుల తర్వాత క్లాసు. దర్జీ ఆవిడ కూడా వచ్చింది, ఎప్పటిలాగే చివరి తరిమెన దగ్గర నిలబడింది. సెక్రటరీ ఏవో కాగితాల మీద సంతకాలకి వచ్చాడు. మేస్త్రి ఆయన్ని కూర్చోమన్నాడు. తరిమెనలన్నీ ఆపించాడు. శబ్దం ఆగేసరికి గోడౌను పెద్దదైనట్టనిపించింది.

"ఆ దిమ్మ పచ్చిది," అన్నాడు. "మైనం గీకింది నేను. తేదీ వేసింది నేను."

సెక్రటరీ కంగారుపడ్డాడు. "పోన్లెండి, పొరపాటున కింద అరలోది..."

"పొరపాటు కాదు. ఇది రెండోసారి. మొదటిసారి మా ఆవిడకిచ్చాను. మా మామ షెడ్డులో. ముందు తరిమెన దానిది. నేను లాక్కున్నాను."

కళ్ళద్దాలాయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. పెద్దవయసులో పాపం మనసు మారిందని అక్కడున్న వాళ్ళు అనుకున్నారు. మేస్త్రి మనసు ఏమీ మారలేదు. ఆ మాట ఆవిడ ఒక్కదాని దగ్గర ఉండటం ఆయన ఓర్చుకోలేకపోయాడు. అందుకే చెబుతున్నంతసేపూ ఆవిడవైపే చూశాడు, చేతిలోది లాక్కుంటున్నవాడిలా.

సెక్రటరీ, సాయంత్రం క్లాసు దర్జీ ఆవిడదే అన్నాడు. ఎండిన దిమ్మతో మళ్ళీ పరీక్ష పెట్టాలా అని ఎవరో అడిగితే, "పచ్చి చెక్క మీద పది లెక్కపెట్టేదాకా నిలబెట్టింది కదయ్యా, ఇంకేం పరీక్ష," అన్నాడు కళ్ళద్దాలాయన. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వారం తర్వాత సాయంత్రం క్లాసు మొదలైంది. మేస్త్రి తన క్లాసు ముగించుకుని కూడా వెళ్ళలేదు. సానరాయి దగ్గర ఉలులు పదును పెడుతూ కూర్చున్నాడు. కొత్తవాళ్ళు వచ్చారు, ఏప్రాన్లు కట్టుకున్నారు. దర్జీ ఆవిడ లోపలికి వచ్చి చేతిసంచీ మేకుకి తగిలించింది. మేస్త్రి లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. తడిచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"చెప్పేశాను కదా," అన్నాడు.

"విన్నాను."

"మరి భరిణె?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆయన తనంతట తను చెప్పలేదు. ఆవిడ చెప్పాక చెప్పాడు. ఇద్దరికీ అది తెలుసు.

"బొత్తాలున్నాయి బాబాయిగారూ అందులో," అంది.

ఇన్ని నెలల తర్వాత ఆ పిలుపు. ఆయన ఇంకేదో అనబోయాడు. ఆవిడ అప్పటికే ముందు వరసకి పోయింది. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఒక చేత్తో ఉలి, ఒక చేత్తో దిమ్మ పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది.

"ముందు ఆ ఉలి కింద పెట్టమ్మా," అంది దర్జీ ఆవిడ. "దిమ్మని చెంపకి ఆనించుకో. తేదీ చూడకు. చల్లగా ఉందా, వెచ్చగా ఉందా?"

ఆ అమ్మాయి ఏం చెప్పిందో మేస్త్రికి వినపడలేదు. పక్క తరిమెన తిరుగుతోంది.